కళాశాలలో పర్యావరణ కార్యక్రమం: దేనిని ఎంచుకోవాలి, ఏ లెక్కన ఎంచుకోవాలి

కళాశాల పర్యావరణ సంఘం విద్యా సంవత్సరం మొదట్లో సమావేశమైనప్పుడు అందరి నోటా వచ్చే ప్రశ్న "ఈసారి ఏం చేద్దాం?" అన్నది. వెంటనే అయిదారు ఆలోచనలు వినిపిస్తాయి. మొక్కలు నాటుదామని ఒకరు, ప్రాంగణం శుభ్రం చేద్దామని ఒకరు, ఎవరినైనా పిలిచి ఉపన్యాసం పెట్టిద్దామని ఇంకొకరు, హాస్టళ్ల మధ్య పోటీ పెడదామని మరొకరు అంటారు. వీటిలో కాదనవలసింది ఏదీ లేదు. అయితే ఒక్కొక్కదానికి కావలసిన మనుషులు వేరు, పట్టే సమయం వేరు, తీసుకోవలసిన అనుమతులు వేరు. అన్నిటికంటే ముఖ్యంగా, కార్యక్రమం ముగిసిన మరునాడు ఒక్కొక్కటి మిగిల్చే పని వేరు. చాలా ఏళ్లుగా విద్యార్థులతో కలిసి ఇటువంటి కార్యక్రమాలు నడిపిన అధ్యాపకుడిగా నేను పెట్టుకున్న గీటురాయి ఆ చివరిదే. మరునాడు మిగిలే పని ఏమిటి, దానిని చేసే మనిషి పేరు ఇప్పుడే చెప్పగలమా? చెప్పగలిగితే కార్యక్రమం ఎంత చిన్నదైనా చేపట్టవచ్చు. చెప్పలేకపోతే ఆ పేరు దొరికేదాకా ఆగడం మంచిది.

కింద పోల్చిన కార్యక్రమాలన్నిటినీ ఈ ఒక్క ప్రశ్నతోనే చూశాను.

ఉపన్యాసం, చర్చ, అభ్యాసం

కళాశాలల పర్యావరణ కార్యక్రమాలకు పునాది మాటల్లోనే పడింది. 1970 ఏప్రిల్ 22న అమెరికాలో జరిగిన తొలి ధరిత్రీ దినోత్సవాన్ని తలపెట్టిన సెనేటర్ గేలార్డ్ నెల్సన్, వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా విశ్వవిద్యాలయాల్లో అప్పటికే నడుస్తున్న 'టీచ్-ఇన్' పద్ధతిని, అంటే అధ్యాపకులూ విద్యార్థులూ కలిసి కూర్చుని ఒక సమస్యను గంటల తరబడి తరచి చూసే పద్ధతిని, పర్యావరణానికి వర్తింపజేయాలనుకున్నారు. దేశమంతటా ఆ పనిని సమన్వయం చేసే బాధ్యత డెనిస్ హేస్ అనే యువకుడికి అప్పగించారు. ఆ రోజు సుమారు రెండు కోట్ల మంది పాల్గొన్నారు. తేదీ విషయంలో వారు చూపిన జాగ్రత్త మనం గమనించదగినది. వసంతకాలపు సెలవులు ముగిసి, సంవత్సరాంత పరీక్షలు ఇంకా మొదలుకాని రోజుల్లో, విద్యార్థులు ప్రాంగణంలోనే ఉండి కొంత తీరికగా ఉంటారన్న లెక్కతోనే ఆ రోజును ఖాయం చేశారు.

మనం సాధారణంగా దీనికి విరుద్ధంగా చేస్తాం. 1972లో పర్యావరణంపై ఐక్యరాజ్యసమితి స్టాక్‌హోమ్ సదస్సు మొదలైన జూన్ 5వ తేదీని ప్రపంచ పర్యావరణ దినోత్సవంగా పాటిస్తున్నారు కాబట్టి, ఆ సమయంలో కళాశాలకు సెలవులైనా సరే, ఉన్న పది మందితోనే కార్యక్రమం ముగించి ఫొటో తీసుకుంటాం. 1993 నుంచి పాటిస్తున్న మార్చి 22 ప్రపంచ జల దినోత్సవం గానీ, 2023లో మొదలైన మార్చి 30 అంతర్జాతీయ శూన్య వ్యర్థ దినోత్సవం గానీ ఎన్నో కళాశాలల్లో పరీక్షల నడుమ పడతాయి. తేదీకి ఉన్న గౌరవం తేదీకి ఇవ్వండి. కార్యక్రమాన్ని మాత్రం మీ టైమ్‌టేబుల్‌ను చూసి పెట్టుకోండి.

ఇక ఉపన్యాసం విషయానికి వస్తే, ఏర్పాటు చేయడం అన్నిటికంటే తేలిక, ప్రభావం అన్నిటికంటే తక్కువ. గంటసేపు విని, చప్పట్లు కొట్టి వెళ్లిపోయిన విద్యార్థికి మరునాడు చేయడానికి ఏమీ మిగలదు. ఉపన్యాసమే కావాలనుకుంటే నా సలహా ఒకటి ఉంది. బయటి నిపుణుడిని పిలిచినప్పుడు, మీ కళాశాలలో నీటి మోటార్లను, విద్యుత్తును, చెత్త తరలింపును చూసే ఉద్యోగిని కూడా అదే వేదిక మీద కూర్చోబెట్టండి. భూతాపం గురించి నిపుణుడు చెప్పిన మాటకూ, ప్రాంగణంలో ఏ భవనం ఎంత విద్యుత్తు వాడుతోందో ఆ ఉద్యోగి చెప్పే మాటకూ ముడి పడినప్పుడే విద్యార్థుల ప్రశ్నలకు పదును వస్తుంది.

ఉపన్యాసానికి ప్రత్యామ్నాయంగా బృంద అభ్యాసాలు ఉన్నాయి. ఫ్రాన్స్‌లో రూపొందిన 'క్లైమేట్ ఫ్రెస్క్'లో వాతావరణ మార్పుపై అంతర్ ప్రభుత్వ బృందం ఇచ్చిన నివేదికల ఆధారంగా తయారుచేసిన 42 కార్డులను, కారణాలూ పర్యవసానాల వరుసలో, విద్యార్థులు తామే బల్ల మీద పేర్చుకుంటూ పోతారు. దీనికి సుమారు మూడు గంటలు పడుతుంది, శిక్షణ పొందిన నిర్వాహకుడు కావాలి. 'ఎన్-రోడ్స్' అనే ఉచిత కంప్యూటర్ నమూనాలో బొగ్గు మీద పన్ను, భవనాల ఇంధన పొదుపు, అడవుల పెంపకం వంటి నిర్ణయాలను మార్చుతూ 2100 నాటికి ఉష్ణోగ్రత ఎంత పెరుగుతుందో చూడవచ్చు. నలభై మంది లోపు ఉన్న తరగతికి ఈ రెండింటిలో ఏదైనా ఉపన్యాసం కంటే మేలు. నాలుగు వందల మంది ఉన్న సభకు రెండూ పనికిరావు.

మొక్కలు నాటడమా, ఉన్న చెట్లను చూసుకోవడమా

ఎంపికలో పొరపాటు ఎక్కువగా జరిగేది ఇక్కడే కాబట్టి దీని గురించి కొంత వివరంగా చెప్పాలి. మొక్క నాటడం ఒక పూటలో అయ్యే పనిలా కనిపిస్తుంది. నిజానికి అది కనీసం రెండు మూడు సంవత్సరాల పని. నేను గతంలో పనిచేసిన ఒక కళాశాలలో ఒకే ఉదయం రెండు వందల మొక్కలు నాటాం. తర్వాత పరీక్షలు వచ్చాయి, ఆ వెంటనే సెలవులు వచ్చాయి. తిరిగి వచ్చాక ఒక ఎండిన మొక్కను పట్టుకుని లాగితే ఏ ప్రతిఘటనా లేకుండా చేతిలోకి వచ్చింది. నర్సరీ నుంచి తెచ్చిన నల్లటి పాలిథిన్ సంచి దాని వేళ్ల చుట్టూ అలాగే ఉంది. నాటిన విద్యార్థికి దానిని తీసేయాలని ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన వాళ్లలో నేనూ ఒకడిని. ఆ వరుసలో మరికొన్నింటిని తవ్వి చూస్తే వాటిదీ అదే పరిస్థితి.

అందువల్ల మొక్కలు నాటాలని నిర్ణయించుకునే ముందు మూడు సంగతులు తేల్చుకోవాలి. మొదటిది నీరు: సెలవుల్లో నీళ్లు పోసే మనిషి ఎవరు, గొట్టం అక్కడిదాకా అందుతుందా అన్నది. రెండవది స్థలం: పదేళ్లలో అక్కడ భవనం గానీ పైపులైను గానీ వచ్చే అవకాశం ఉందేమో ఎస్టేట్ విభాగాన్ని అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి. మూడవది జాతి: ఆ నేలకు, ఆ వానలకు అలవాటుపడిన స్థానిక జాతులనే ఎంచుకోవాలి, త్వరగా ఎదుగుతాయని తెచ్చిన పరాయి జాతులు కొన్ని చోట్ల చుట్టుపక్కలకు పాకి స్థానిక మొక్కలను అణచివేస్తాయి. నాటేటప్పుడు గుంత వెడల్పు వేళ్ల ముద్దకు రెండు మూడు రెట్లు ఉండాలి, లోతు మాత్రం ఆ ముద్ద ఎత్తును మించకూడదు. కాండం వేరుగా మారే చోటు నేల మట్టానికి రావాలి. ఎండుటాకుల పరుపు వేసినప్పుడు అది కాండానికి ఆనకుండా నాలుగు వేళ్ల దూరం ఉంచాలి. జపాన్ వృక్ష శాస్త్రవేత్త అకిరా మియావాకి పద్ధతిలో తక్కువ స్థలంలో అనేక స్థానిక జాతులను దగ్గర దగ్గరగా నాటుతారు. ఆ పద్ధతికి పేరు బాగా వచ్చింది గానీ, దానికీ నేలను ముందుగా సిద్ధం చేయడం, మొదటి రెండు మూడేళ్లు నీరు పోయడం, కలుపు తీయడం తప్పవు.

ఈ మూడింటికీ జవాబు లేని కళాశాలకు నేను సూచించే ప్రత్యామ్నాయం ఇప్పటికే ఉన్న చెట్ల సంరక్షణ. కాండాలకు బిగుసుకుపోయిన పాత ఇనుప తీగలను కోసి తీయడం, ప్రకటనల కోసం కొట్టిన మేకులను గుర్తించి, ఇకపై కొట్టకుండా నియమం తేవడం, సిమెంటు గచ్చు మొదలును నొక్కేస్తున్న చోట పాదు తీయడం, ప్రతి చెట్టుకూ సంఖ్య ఇచ్చి, ఛాతీ ఎత్తున, అంటే నేల నుంచి సుమారు 1.3 మీటర్ల వద్ద, చుట్టుకొలత కొలిచి నమోదు చేయడం ఇందులో ఉంటాయి. దీనికి నీరూ పెద్ద ఖర్చూ అవసరం లేదు. నీడనిచ్చే పెద్ద చెట్టు ఒకటి ఈ రోజు చేస్తున్న మేలును నిన్న నాటిన మొక్కలు చేయగలగడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి, ఉన్నదానిని కాపాడటం కొత్తది నాటడం కంటే తక్కువ పని కాదని విద్యార్థులకు చెప్పాలి.

శుభ్రం చేయడమా, లెక్కించడమా

ప్రాంగణాన్నో చెరువు గట్టునో శుభ్రం చేసే కార్యక్రమానికి మనుషులు సులభంగా వస్తారు, ఫలితం రెండు గంటల్లో కంటికి కనిపిస్తుంది, కొత్తగా చేరిన విద్యార్థులు ఒకరికొకరు పరిచయమవుతారు. లోపం ఏమిటంటే, నెల తిరిగేసరికి అదే చోట అదే చెత్త చేరుతుంది.

ఈ లోపాన్ని సరిదిద్దే పద్ధతి చాలా కాలంగా ఉంది. 1986లో అమెరికాలోని టెక్సాస్ తీరంలో లిండా మరానిస్, క్యాథీ ఓహారా అనే ఇద్దరు మహిళలు చేపట్టిన తీర పరిశుభ్రతా కార్యక్రమంలో, వాలంటీర్లు చెత్త ఏరడంతో పాటు ఏరిన ప్రతి వస్తువునూ ఒక పత్రంలో నమోదు చేశారు. అదే ఇప్పుడు అంతర్జాతీయ తీర పరిశుభ్రతా కార్యక్రమంగా ఎన్నో దేశాల్లో ఏటా జరుగుతోంది. ఏ వస్తువు ఎక్కువగా దొరుకుతోందో తెలిసింది ఆ లెక్కల వల్లనే. దశాబ్దాల పాటు ఆ పట్టికలో మొదటి స్థానం సిగరెట్ పీకలది. కళాశాలలోనూ ఇదే చేయవచ్చు. సంచితో పాటు పెన్సిల్, పత్రం ఇచ్చి, ముగ్గురు చొప్పున జట్లుగా పంపి, ఇద్దరు ఏరుతుండగా ఒకరు గీతలు గీసి లెక్కపెట్టే ఏర్పాటు చేస్తే, సాయంత్రానికి "బాగా శుభ్రం చేశాం" అన్న మాటకు బదులు "దొరికిన వాటిలో సగానికి పైగా క్యాంటీన్ కాగితపు కప్పులే" అన్న మాట చేతికి వస్తుంది. ఆ రెండవ మాటతో క్యాంటీన్ నిర్వాహకుడి దగ్గరకు వెళ్లవచ్చు. మొదటి మాటతో ఎక్కడికీ వెళ్లలేం.

ఇంకొక అడుగు ముందుకు వేయగలిగితే వ్యర్థాల తనిఖీ ఉంది. ఒక భవనంలో ఒక రోజు పోగైన చెత్త బుట్టలన్నిటినీ పెద్ద టార్పాలిన్ మీద కుమ్మరించి, మందపాటి చేతి తొడుగులతో తడి చెత్త, కాగితం, ప్లాస్టిక్, మిగతావి అని వేరుచేసి తూస్తారు. దీనికి ఇరవై మంది చాలు. కానీ మరుగుదొడ్ల బుట్టలను, ప్రయోగశాలల వ్యర్థాలను, ఆరోగ్య కేంద్రం వ్యర్థాలను ఎట్టి పరిస్థితిలోనూ ఇందులో కలపకూడదు. రోజూ చెత్త తీసే పారిశుద్ధ్య సిబ్బందిని ముందుగా సంప్రదించి, వారు చెప్పినట్టే చేయాలి; వారికి తెలిసినంత ఏ విద్యార్థికీ తెలియదు.

భోజనశాలలో తూకం

ఒక్క కార్యక్రమాన్నే చేయగలిగే శక్తి ఉందని ఏ కళాశాల నన్ను అడిగినా నేను చెప్పేది ఇదే: హాస్టల్ భోజనశాలలో పారవేసే ఆహారాన్ని తూచండి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన ఆహార వ్యర్థాల సూచిక నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో ఇళ్లు, భోజనశాలలు, దుకాణాల స్థాయిలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. వినియోగదారులకు అందుబాటులోకి వచ్చిన ఆహారంలో ఇది దాదాపు అయిదో వంతు. ఇందులో 29 కోట్ల టన్నులు మన మెస్‌ల వంటి వడ్డన కేంద్రాలది. ఆ ఆహారం చెత్త దిబ్బల అడుగున గాలి తగలకుండా కుళ్లినప్పుడు మీథేన్ పుడుతుంది. వందేళ్ల కాలానికి లెక్కిస్తే భూమిని వేడెక్కించడంలో మీథేన్ అదే బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు, ఇరవై ఏళ్ల కాలానికి లెక్కిస్తే దాదాపు 80 రెట్లు శక్తిమంతమైనది.

దీనికి కావలసినవి ఒక తూకం యంత్రం, మూడు బకెట్లు, ఒక నోటు పుస్తకం, పూటకు నలుగురు విద్యార్థులు. మొదటి బకెట్‌లో కంచాల్లో మిగిలిన, తినగలిగిన ఆహారం వేయాలి. రెండవదానిలో ఎముకలు, తొక్కలు, గింజల వంటి తినలేనివి వేయాలి. వీటిని విడదీయకపోతే లెక్క మొత్తం తప్పుదారి పడుతుంది. మూడవది వంటగదిలో వండి వడ్డించకుండా మిగిలిపోయిన దానికి. ప్రతి బకెట్‌నూ ఖాళీగా ఉన్నప్పుడు తూచి, ఆ బరువును దాని మీదే రాసి, నిండాక తూచినప్పుడు తీసివేయాలి. ఆ పూట తిన్నవారి సంఖ్యతో భాగించాలి. ఉదాహరణకు నాలుగు వందల మంది తిన్న పూట మొదటి బకెట్ల మొత్తం 26 కిలోలు వచ్చిందనుకుంటే, తలకు 65 గ్రాములు. అంటే ఒక్కొక్కరు మూడు నాలుగు ముద్దలు పారేసినట్టు. అలా చూసినప్పుడు అది ఎవరికీ పెద్ద నేరంలా కనిపించదు. ఆ 26 కిలోలను పక్కన పెట్టి చూపిస్తే ఎవరికీ మాట రాదు.

మొదటి వారం ఎటువంటి ప్రకటనా చేయకుండా తూచడం ముఖ్యం. పోస్టర్లు అంటించాక తూకం మొదలుపెడితే ముందు ఎంత ఉండేదో ఎప్పటికీ తెలియదు. రెండవ వారం నుంచి, నిన్నటి అంకెను భోజనశాల గుమ్మం దగ్గర బోర్డు మీద పెద్దగా రాయాలి. ఒకరి కంచంలోకి తొంగిచూసి మందలించే పనిని మాత్రం ఎవరూ పెట్టుకోకూడదు. ఆకలి, ఆరోగ్యం, రుచి వారి వారి సొంత విషయాలు. పైగా ఇద్దరిని సిగ్గుపరిచిన మరుక్షణం ఈ కార్యక్రమం పట్ల హాస్టల్ మొత్తానికి వ్యతిరేకత వస్తుంది.

దీనిని ఇంతగా సమర్థించడానికి కారణం, తూకం ఆగని చోట కారణాలు తామే బయటపడటం. మొదటి బకెట్ ఎక్కువ నిండితే వడ్డించే గరిటె పెద్దదై ఉండవచ్చు, లేదా మళ్లీ అడిగితే పెట్టరన్న భయంతో విద్యార్థులు మొదటే ఎక్కువ వేసుకుంటూ ఉండవచ్చు. మూడవ బకెట్ ఎక్కువ నిండితే విషయం విద్యార్థులది కాదు. సెలవుకు ఊరెళ్లినవారి సంఖ్య వంటగదికి చేరడం లేదని అర్థం. ముందురోజు రాత్రిలోగా భోజనానికి రానివారు పేరు నమోదు చేసే పద్ధతి పెడితే ఆ బకెట్ తగ్గుతుంది. ఇక్కడ మరునాటి పనికి మనిషి ముందే ఉన్నాడు: మెస్ నిర్వాహకుడు. ఆదా అయ్యే సరుకు అతని లెక్కల్లోనే కనిపిస్తుంది కాబట్టి అతనికి ఆసక్తి కూడా ఉంటుంది.

కంపోస్టును దీనికి బదులుగా కాక, దీని తర్వాత ఆలోచించండి. తగ్గించగలిగినంత తగ్గించాక మిగిలినదానికే గుంత తవ్వాలి. తడి చెత్తకు ఎండుటాకులను బాగా కలిపి, కర్బనం, నత్రజని నిష్పత్తి 25 నుంచి 30కి ఒకటిగా ఉండేలా చూసుకుని, తరచూ తిరగేస్తే వాసన రాదు. ఎండుటాకులు తక్కువైనా, తిరగేయడం మానినా వారంలో ఫిర్యాదులు మొదలవుతాయి.

వస్తు మార్పిడి, మరమ్మతు

వస్తు మార్పిడి మేళాకు సరైన సమయం విద్యా సంవత్సరం చివరి వారం. గదులు ఖాళీ చేసేవారు పుస్తకాలు, బకెట్లు, పరుపులు, టేబుల్ దీపాలు పారేస్తారు. రెండు నెలల తర్వాత చేరేవారు అవే కొనుక్కుంటారు. వీటిని దాచడానికి ఒక తాళం వేసే గది దొరికితే ఈ కార్యక్రమం సగం విజయవంతమైనట్టే. గది దొరకకపోతే చేపట్టవద్దు, ఎందుకంటే చివరికి మిగిలిన గుట్టను వదిలించుకోవడం నిర్వాహకుల మెడకు చుట్టుకుంటుంది. మిగిలినవాటిని తీసుకునే సంస్థను ముందే మాట్లాడుకోవాలి.

మరమ్మతు శిబిరం ఇంకాస్త కష్టం, ఇంకాస్త విలువైనది. 2009 అక్టోబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టీన్ పోస్ట్‌మా తొలి 'రిపేర్ కెఫే' నిర్వహించారు. అక్కడ వస్తువును అప్పగించి వెళ్లిపోరు; మరమ్మతు తెలిసినవారి పక్కనే యజమాని కూర్చుని నేర్చుకుంటాడు. ఇంజినీరింగ్ విభాగం, వర్క్‌షాపు సిబ్బంది ఉన్న కళాశాలకు ఇది బాగా నప్పుతుంది. తెగిన సంచి పట్టీలు, సైకిళ్లు, ఇయర్‌ఫోన్లు, టేబుల్ ఫ్యాన్లు తీసుకోవచ్చు. మైక్రోవేవ్ ఓవెన్లను మాత్రం తీసుకోకూడదు. ప్లగ్ తీసేసిన తర్వాత కూడా వాటి కెపాసిటర్‌లో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. ఉబ్బిన ఫోను బ్యాటరీలనూ తెరవకూడదు. పర్యవేక్షణకు అర్హుడైన టెక్నీషియన్ లేకపోతే విద్యుత్ వస్తువులను పక్కనపెట్టి, కుట్టుపని, సైకిళ్ల వరకే పరిమితం కావడం క్షేమం.

పోటీ, దీపాలు ఆర్పే గంట, రాత్రి తనిఖీ

హాస్టళ్ల మధ్య విద్యుత్ పొదుపు పోటీ ఉత్సాహాన్ని పుట్టిస్తుంది. అమెరికాలో 2001లో ఒహాయోలోని రెండు విశ్వవిద్యాలయాల మధ్య రీసైక్లింగ్ విషయంలో మొదలైన పందెం తర్వాతి కాలంలో వందల కళాశాలల పోటీగా ఎదిగింది. అయితే భవనానికొక మీటరు లేకుండా పోటీ పెట్టడం అర్థం లేని పని. మీటర్లు ఉన్నా, మొత్తం యూనిట్లను కాక, ప్రతి హాస్టల్ తన గత నెల వాడకంతో పోల్చుకుని తలకు ఎంత తగ్గించిందన్నది చూడాలి. లేకపోతే చిన్న హాస్టలే ప్రతిసారీ గెలుస్తుంది. పోటీ ముగిసిన నెల కూడా మీటరు చదివి ప్రకటించాలి. తగ్గుదల నిలిచిందో లేదో తేల్చేది ఆ నెలే.

2007లో సిడ్నీలో మొదలైన 'ఎర్త్ అవర్' సందర్భంగా మార్చిలో ఒక శనివారం రాత్రి గంటసేపు దీపాలు ఆర్పడం చాలా కళాశాలలకు అలవాటు. అది సంఘీభావ సూచన. పొదుపు లెక్కలో దాని వాటా చాలా స్వల్పం. అదే గంటను రాత్రి తనిఖీకి వాడితే ఎక్కువ ఫలితం ఉంటుందని నా అభిప్రాయం. భద్రతా సిబ్బందితో కలిసి రాత్రి పదకొండు గంటలకు ప్రాంగణం తిరిగి, వెలుగుతున్నవీ తిరుగుతున్నవీ అన్నీ రాసుకోండి. ఖాళీ తరగతి గదుల్లో 20 వాట్ల ట్యూబులైట్లు నలభై, రాత్రి పది గంటలు వెలిగితే 8 యూనిట్లు. కంప్యూటర్ ల్యాబులో ఆఫ్ చేయని 50 కంప్యూటర్లు ఒక్కొక్కటి 60 వాట్ల చొప్పున సాయంత్రం నుంచి ఉదయం దాకా 14 గంటలు నడిస్తే 42 యూనిట్లు. ఇది ఒక్క రాత్రి లెక్క. ల్యాబు ఇన్‌ఛార్జికి ఈ కాగితం ఇస్తే, రాత్రి నిర్ణీత వేళకు కంప్యూటర్లు వాటంతట అవే ఆగిపోయేలా చేయడం ఆయనకు ఒక పూట పని.

అదే నడకలో కారుతున్న కుళాయిలనూ చూడవచ్చు. కుళాయి కింద పది నిమిషాలు గ్లాసు పెట్టి, చేరిన నీటిని కొలవండి. 200 మిల్లీలీటర్లు వస్తే రోజుకు దాదాపు 29 లీటర్లు. గోడ మీద ఆ అంకె రాసి ఉన్న కుళాయిని ప్లంబర్ ముందుగా బాగుచేస్తాడు. ఇది నేను పలుమార్లు చూశాను.

పక్షులు, మొక్కల గణన

ఖర్చు లేని, అనుమతుల గొడవ లేని, విద్యార్థుల మనసుకు దగ్గరయ్యే కార్యక్రమం ఇది. 1998లో మొదలైన 'గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్' ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరుగుతుంది. కనీసం పదిహేను నిమిషాలు ఒక చోట నిలబడి కనిపించిన, వినిపించిన పక్షులను లెక్కించి పక్షుల లెక్కలను సేకరించే 'ఈబర్డ్' వెబ్‌సైటులో నమోదు చేస్తే చాలు. 2016లో లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కో నగరాల మధ్య మొదలైన 'సిటీ నేచర్ ఛాలెంజ్'లో మొక్కలు, పురుగులు, పక్షులు ఏవైనా ఫొటో తీసి ఎక్కువగా 'ఐనాచురలిస్ట్' అనే యాప్‌లో చేరుస్తారు. అది ఏప్రిల్ చివర్లో వస్తుంది. ఇంతకు ముందు ఏ పక్షినీ పేరుపెట్టి పిలవని విద్యార్థి, రోజూ నడిచే దారిలోనే పన్నెండు రకాలు లెక్కపెట్టాక ఆ దారిని చూసే తీరే మారుతుంది. చెట్టు కొట్టేయాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు అడ్డుచెప్పేది కూడా సాధారణంగా ఆ విద్యార్థే. చేతిలో మూడేళ్ల గణన ఉంటే ఆ మాటకు ఆధారం ఉంటుంది.

మీ పరిస్థితికి ఏది తగును

సంఘం కొత్తది, మనుషులు పది మంది, డబ్బు లేదు అనుకుంటే పక్షుల గణనతో మొదలుపెట్టి, రెండు నెలల తర్వాత రాత్రి తనిఖీ చేయండి. రెండింటిలోనూ విఫలమయ్యే అవకాశం తక్కువ, చేతికి అంకెలు వస్తాయి. హాస్టల్ ఉండి, వారం పాటు పూటకు నలుగురిని పంపగలిగితే భోజనశాల తూకానికి సాటివచ్చేది మరొకటి లేదు. హాస్టల్ లేని కళాశాలకు క్యాంటీన్‌తో ముడిపెట్టిన చెత్త లెక్కింపు దాని స్థానంలో నిలుస్తుంది. వందల మందిని ఒకేసారి కదిలించాలని యాజమాన్యం కోరితే శుభ్రతా కార్యక్రమాన్ని ఎంచుకోండి, లెక్క పత్రాలు మాత్రం మరవకండి. మొక్కలు నాటక తప్పదంటే సంఖ్య తగ్గించుకోండి; ఇరవై మొక్కలకు ఇరవై మంది బాధ్యులూ, సెలవుల్లో నీటికి ఒక తోటమాలీ ఉంటే అది రెండు వందల కంటే పెద్ద కార్యక్రమమే.

ఏది ఎంచుకున్నా, దాని కోసం మనం తెచ్చే వస్తువులను కూడా ఆ కార్యక్రమంలో భాగంగానే చూడాలి. ఒక్క రోజు కోసం అచ్చువేయించిన ఫ్లెక్సీ, ఒక్కసారి వేసుకునే టీషర్టు, మంచినీళ్ల ప్లాస్టిక్ సీసాలు, అతిథికిచ్చే జ్ఞాపిక, వీటిలో ఏదీ లేకుండా నేను చెప్పిన ప్రతి కార్యక్రమమూ జరుగుతుంది. తేదీ లేకుండా రాయించిన గుడ్డ బ్యానరు ఏళ్ల తరబడి వస్తుంది.

చివరికి రెండు ప్రతిపాదనలు మిగిలి ఓటింగ్ దాకా వస్తే, ప్రతిపాదించినవారిద్దరినీ ఒక్కొక్క పేజీ రాసి తెమ్మనండి: కార్యక్రమం జరిగిన ముప్పయ్యవ రోజున ఏ పని జరుగుతూ ఉంటుంది, ఎవరు చేస్తుంటారు, ఏ అంకె మారుతుంది. ఆ పేజీలు చదివాక చాలాసార్లు ఓటింగ్ అవసరమే రాదు. ఎంచుకున్న పేజీని ఒక గట్టి అట్ట పుస్తకంలో అంటించి, తూకాలు, మీటరు అంకెలు, అనుమతి ఇచ్చిన అధికారి హోదా, ఆలస్యమైన చోటు, వచ్చినవారి సంఖ్య అన్నీ అందులోనే రాయండి. ఆ జట్టు చదువు ముగించి వెళ్లిపోయినా పుస్తకం సంఘం గదిలోనే ఉండాలి. ఖాళీ బకెట్ల బరువు కూడా అందులో రాసిపెట్టండి. బకెట్ మీది రాత కడిగినప్పుడల్లా చెరిగిపోతుంది, వచ్చే సంవత్సరం తూకానికి కూర్చునేవారు మొదట వెతికేది ఆ అంకె కోసమే.